డీఎస్ఎంసీలో నైట్రోజన్ సరైన ఉష్ణోగ్రతకే చేరుతోంది, కానీ ఆలస్యంగా చేరుతోంది: తప్పు ఎక్కడ?

డీఎస్ఎంసీలో (వాయువును నమూనా కణాల ఢీలుగా కంప్యూటర్‌లో నడిపే పద్ధతి) స్థానాంతర ఉష్ణోగ్రత 10,000 కెల్విన్లు, భ్రమణ ఉష్ణోగ్రత 300 కెల్విన్లుగా పెట్టి, కంపనాలను ఆపేసి ఒకే సెల్‌లో నైట్రోజన్‌ను నడిపితే చివరికి 6,120 కెల్విన్లే వస్తున్నా, భ్రమణ కొలిజన్ నంబర్ (భ్రమణం సమతాస్థితి వైపు చేరడానికి సగటున పట్టే ఢీల సంఖ్య) 5 ఇచ్చినప్పటికీ గ్రాఫ్ దాదాపు 8 ఇచ్చినట్టు సాగుతోందని మీరు అడిగారు. పీజీ ప్రాజెక్టులో నాకూ అచ్చం ఇదే ఎదురైంది. కణాల సంఖ్యను 20 వేల నుంచి 2 లక్షలకు పెంచాను. గీతలోని వణుకు తగ్గిందే తప్ప గీత పక్కకు జరగలేదు. నన్ను మూడు వారాలు మోసం చేసింది ఆ 6,120 అంకే. శక్తి నిత్యత్వం పాటించే ఏ కోడ్ అయినా, శక్తిని సరిగా పంచితే చాలు, అక్కడికే చేరుతుంది. వేగం సరైనదా కాదా అన్నది ఆ అంకె చెప్పదు.

అసలు కారణం లార్సెన్–బోర్గ్‌నక్కె పద్ధతిలోనే ఉంది. ఎంపికైన అణువు భ్రమణ శక్తిని, ఢీకొన్న జంట సాపేక్ష స్థానాంతర శక్తితో కలిపి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం (శక్తిని నిలుపుకునే స్వతంత్ర మార్గాల సంఖ్య) నిష్పత్తిలో తిరిగి పంచుతారు కనుక, ఒక్కో పంపకంలో సమతాస్థితి వైపు నడిచేది మొత్తం తేడా కాదు, అందులో ఒక భాగమే. ఢీకొనే వేగాన్ని బట్టి అణువు పరిమాణం మారే వీహెచ్ఎస్ నమూనాలో నైట్రోజన్ స్నిగ్ధతా ఘాతాంకం 0.74 అయితే సాపేక్ష చలనానికి ఆ డిగ్రీలు 3.52, భ్రమణానికి 2, అంటే 3.52ను 5.52తో భాగిస్తే సుమారు 0.64. కాబట్టి 5 కావాలంటే కోడ్‌కు 3.2 ఇవ్వాలి. లంప్‌కిన్, హాస్, బాయిడ్ అనే పరిశోధకులు 1991లో చూపించినది ఈ సవరణే. మీ కోడ్ దీన్ని ముందే చేస్తోందేమో చూసుకోండి, లేకపోతే రెండుసార్లు సవరించినట్టవుతుంది.

కంపనాలకు ఈ గుణకం స్థిరంగా ఉండదు: 3,390 కెల్విన్ల వద్ద నైట్రోజన్ కంపన డిగ్రీలు 2 కాదు, 1.16 మాత్రమే. కంపనాలు సమతాస్థితికి చేరే సమయాన్ని అంచనా వేసే మిల్లికన్–వైట్ సూత్రం సుమారు 8,000 కెల్విన్లు దాటితే నమ్మశక్యం కానంత తక్కువ సమయాలు ఇస్తుంది కనుక ఆ సమయాలకు కనీస పరిమితి పెట్టే పార్క్ సవరణ కలపాలి. నైట్రోజన్ నుంచి గాలికి వెళ్లాక ఆక్సిజన్ అణువును ఆక్సిజన్ పరమాణువు ఢీకొనే సందర్భాన్ని ఆ సూత్రానికి వదలకండి; అక్కడ రిలాక్సేషన్ (సమతాస్థితికి చేరడం) చాలా వేగం. ఇవన్నీ సరిచూసేదాకా విఘటనను (అణువులు పరమాణువులుగా విడిపోవడాన్ని) ఆపి ఉంచండి.

ఒక చిన్న మాట: గ్రాఫ్ అడ్డం అక్షంపై సెకన్లు కాక, అణువుకు సగటు ఢీల సంఖ్య పెట్టండి; ఉష్ణోగ్రత 10,000 నుంచి 6,120కి దిగేలోపు ఢీల రేటే 12 శాతం దాకా పడిపోతుంది.