కాఫీ అమ్మినవాడు ఎందుకు ఓడిపోతున్నాడు?

ప్రశ్న: ఆదివారాలు మా ఇంట్లో నలుగురం కూర్చుని ‘ప్యూర్టో రీకో’ బోర్డు ఆట ఆడుతుంటాం. నేను కాఫీ, పొగాకు తోటలు వేసి మంచి ధరకు అమ్ముతాను. ఆట ముగిసేసరికి అందరికంటే నా దగ్గరే ఎక్కువ డబ్లూన్లు (ఆటలోని డబ్బు) ఉంటాయి. అయినా మక్కజొన్న తప్ప మరో పంటను పెద్దగా పట్టించుకోని మా బావమరిదే గెలుస్తున్నాడు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆట ముగిసేసరికి మీ చేతిలో డబ్లూన్లు మిగులుతున్నాయంటే, వాటిని సకాలంలో ఖర్చు పెట్టడం లేదన్నమాట. ఆండ్రియాస్ జైఫార్ట్ రూపొందించగా 2002లో వెలువడిన ఈ ఆటలో గెలుపోటములను తేల్చేవి పాయింట్లే. ఇద్దరికి సమానంగా వచ్చినప్పుడు మాత్రమే మిగిలిన డబ్బును, సరుకును లెక్కలోకి తీసుకుంటారు.

అమ్మకానికి ఒక హద్దుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో ఎన్ని మిర్చి బస్తాలు దిగినా కొనేవారుంటారు గానీ, ఈ ఆటలోని వర్తకశాలలో నాలుగు పీపాలకే చోటు. అది నిండేదాకా ఖాళీ కాదు, ‘ఆఫీసు’ అనే భవనం కట్టుకోనివారి నుంచి అప్పటికే ఉన్న సరుకును మళ్లీ తీసుకోదు. పైగా ఎవరైనా ట్రేడర్ పాత్రను, అంటే సరుకు అమ్మే వంతును, ఎంచుకున్నప్పుడు ఒక్కొక్కరు ఒక్క పీపానే అమ్మగలరు. కాఫీకి 4 డబ్లూన్లు, మక్కజొన్నకు సున్నా అన్న తేడా అక్కడికే పరిమితం. ఓడకెక్కించేటప్పుడు ఏ పీపాకైనా ఒక్క పాయింటే. మక్కజొన్నను శుద్ధిచేసే భవనమూ అక్కర్లేదు కాబట్టి, మీరు కాఫీ రోస్టర్ కోసం 6 డబ్లూన్లు కూడబెడుతున్నంతసేపూ మీ బావమరిది తోటల నుంచి పీపాలు తీస్తూనే ఉంటాడు.

అసలు దెబ్బ కెప్టెన్ పాత్ర, అంటే సరుకును ఓడకెక్కించే వంతు, వచ్చినప్పుడు తగులుతుంది. నలుగురి ఆటలో మూడు ఓడలుంటాయి; వాటిలో వరుసగా 5, 6, 7 పీపాలు పడతాయి. ఒక ఓడలోకి ఒకే రకం సరుకు ఎక్కాలి, అదే సరుకును మరో ఓడలోకి ఎక్కించకూడదు. నిండని ఓడ కదలదు. మక్కజొన్న, నీలిమందు, చక్కెర మూడు ఓడలనూ సగం సగం ఆక్రమించి కూర్చుంటే మీ కాఫీకి దారే ఉండదు. గిడ్డంగి లేకపోతే ఒక్క పీపా మాత్రం మీకు మిగులుతుంది, తక్కినవన్నీ కుళ్లిపోయినట్టే. మీ బావమరిది పంటను చూసి కాక, మీ ఓడదారిని చూసి కెప్టెన్‌ను ఎంచుకుంటున్నాడేమో గమనించండి. నా అనుమానం అదే.

అందువల్ల కాఫీని మానుకోవాలని కాదు. రెండు మూడు అమ్మకాలతో వచ్చిన డబ్బును వెంటనే 8 డబ్లూన్ల హార్బర్ మీదో, 9 డబ్లూన్ల వార్ఫ్ మీదో పెట్టండి. హార్బర్ ఉంటే ఓడకెక్కించిన ప్రతిసారీ అదనంగా ఒక పాయింటు వస్తుంది. వార్ఫ్ అంటే మీ సొంత ఓడే, కెప్టెన్ వచ్చినప్పుడల్లా ఒక రకం సరుకు ఎంత ఉన్నా ఎక్కించుకోవచ్చు. ఆట సగం దాటాక 10 డబ్లూన్ల పెద్ద భవనాల మీద కన్నేయండి. అందులో ఒక మనిషిని నిలపకపోతే దాని ప్రత్యేక పాయింట్లు రావని మాత్రం మరచిపోవద్దు. క్రాఫ్ట్స్‌మన్‌ను (తోటల నుంచి సరుకు తీయించే పాత్ర) తొందరపడి తీసుకోకండి: పీపాలు మీరు తీయిస్తారు, మీ పక్కవాడు కెప్టెన్‌నో ట్రేడర్‌నో అందుకుని ముందుగా లాభపడతాడు.

ప్రశ్న: ‘ప్యూర్టో రీకో’ ఆటలో ఓడ మీద వచ్చే ఆ గోధుమరంగు బిళ్లలు ఎవరని మా పాప అడిగింది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: నియమాల పుస్తకం వారిని ‘వలసవచ్చినవారు’ అంటుంది. కానీ స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ప్యూర్టో రీకో దీవి చెరకు తోటల్లో చాకిరీ చేసినవారిలో ఎందరో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. అక్కడ బానిసత్వం 1873లోగాని రద్దు కాలేదు. ఆట ఈ సంగతి ఎత్తదు, అది మాటపడినదీ అందుకే. వెట్టిచాకిరీ గురించి తాతముత్తాతల నోట విన్న జనగామ ఇంట్లో ఈ విషయం పాపకు అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమీ కాదు. ఇదే ఆటను, దీవికి స్పెయిన్ స్వపరిపాలన ఇచ్చిన 1897వ సంవత్సరానికి మార్చి ‘ప్యూర్టో రీకో 1897’ పేరుతో మళ్లీ తెచ్చారు. కొత్తగా కొనేవారు దాన్నే తీసుకోవచ్చు.