ఆ సినిమాలో మాటలు ఎందుకు లేవు?

జపాన్ రాక్ బృందం మాలిస్ మిజెర్ 2001లో తీసిన రక్తపిశాచి సినిమా ‘బారా నో కొన్రేయి’ చూడదగ్గదేనా, పాటలతో బతికేవాళ్ళు మూకీ ఎందుకు తీశారు అని మీరు అడిగారు. చూడదగ్గదే. రాత్రిపూట, ఫోను పక్కగదిలో పెట్టి చూడండి. రెండో ప్రశ్నకే నేను చెప్పవలసింది ఎక్కువ ఉంది.

2004లో నేను కవాసాకిలో ఉద్యోగం చేసేదాన్ని. మా ఆఫీసు లెక్కల విభాగంలో ఒకావిడ ఉండేది. బూడిదరంగు కోటు, వంచిన తల, పక్కవాళ్ళకు కూడా వినపడని పలకరింపు. ఒక ఆదివారం హరజుకు స్టేషను పక్కనున్న జింగూ వంతెన మీద ఆవిడను చూశాను. మోకాళ్ళ కింది దాకా నల్ల గౌను, తెల్ల లేసు, నల్ల గొడుగు. ఆ గౌను మాలిస్ మిజెర్ గిటారిస్టు మానా 1999లో పెట్టిన దుస్తుల దుకాణంలో కొన్నదట. ఆఫీసులో ఎవరికీ చెప్పవద్దని బతిమాలింది. నేను చెప్పలేదు. నెల తిరక్కముందే భోజనానికి పిలిచింది.

ఒకటే గది. కొతాత్సు అంటే కింద హీటరు పెట్టి దుప్పటి కప్పిన పొట్టి బల్ల, దానిలో కాళ్ళు పెట్టుకుని కమలాలు ఒలుచుకుంటూ సినిమా మొదలుపెట్టాం. కథ మీకు తెలిసిందే, బ్రామ్ స్టోకర్ డ్రాక్యులా. మనుషుల పెదవులు కదులుతాయి, గొంతు వినపడదు, మధ్యమధ్య టైటిల్ కార్డులు వస్తాయి. నాకు అప్పటికి కాంజీ అక్షరాలు వేగంగా చదవడం రాదు. సగం వాక్యం పట్టుకునేలోపు కార్డు మాయమయ్యేది. అది గమనించి ఆవిడ పైకి చదవడం మొదలుపెట్టింది. మొదట మామూలుగా, పాఠం అప్పజెప్పినట్టు. కాసేపటికి గొంతు మారింది. రక్తపిశాచికి బొంగురు గొంతు, భయపడే మనిషికి ఊపిరి తెగిపోతున్న గొంతు. పక్కింటివాళ్ళు గోడ మీద తట్టారు. ఆవిడ ఆపలేదు. రెండేళ్ళుగా పక్కన పనిచేస్తున్న మనిషి గొంతును నేను నిజంగా విన్నది ఆ రాత్రే.

జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి పాత్రలన్నిటికీ తానే మాటలు చెప్పే కళాకారుడిని బెన్షి అనేవారు. నటుల కంటే బెన్షి పేరు చూసి టిక్కెట్టు కొన్న జనం ఉండేవారు. టాకీలు వచ్చి వాళ్ళ పొట్టకొట్టాయి. దర్శకుడు అకిరా కురొసావా అన్నగారు హెయిగో కూడా బెన్షియే, 1933లో ప్రాణం తీసుకున్నాడు. మూకీ అంటే నిశ్శబ్దమని మనకు ఎవరు చెప్పారో గాని, అది శుద్ధ తప్పు. చూసేవాళ్ళ గొంతుకు చోటిచ్చే సినిమా అది. మన హాళ్ళలో ఇప్పుడు నాయకుడు తలుపు తీసినా డప్పులు మోగుతాయి, మనిషి తనంతట తాను భయపడేందుకు ఒక్క క్షణం వదలరు. నాకు దాని మీద చాలా కోపం ఉంది.

సినిమా అయ్యాక ‘ఇందులో డ్రమ్మర్ ఎవరు?’ అని అడిగాను. ఆవిడ లేచి 2000లో వచ్చిన ‘బారా నో సెయిదో’ ఆల్బమ్ తెచ్చి, లోపలి పుస్తకంలో ఒక పేరు మీద వేలు పెట్టింది. కామి. పేరు పక్కన ఉన్న మాటలకు అర్థం ‘శాశ్వత రక్తబంధువు’. 1999 మొదట్లో గాయకుడు గాక్ట్ బృందం వదిలివెళ్ళాడు. అదే ఏడాది జూన్ 21న కామి మెదడులో రక్తస్రావంతో చనిపోయాడు. గాయకుడి స్థానంలోకి క్లాహా వచ్చాడు. కామి స్థానంలోకి మాత్రం సభ్యుడిగా ఎవరినీ తీసుకోలేదు, అవసరానికి బయటివాళ్ళు డ్రమ్స్ వాయించారు, అంతే.

ఇప్పుడు చెప్పండి, రక్తం పంచుకుని చావును దాటే మనుషుల కథను వాళ్ళు ఊరికే ఎంచుకున్నారా? ‘బీస్ట్ ఆఫ్ బ్లడ్’ పాటను 2001లో సరిగ్గా జూన్ 21నే విడుదల చేశారు. తేదీ కలిసివచ్చిందంటే నేను ఒప్పుకోను. పైగా మానా బయట నోరు విప్పని మనిషి. ఇంటర్వ్యూలలో కూడా పక్కవాడి చెవిలో చెబితే వాడు పైకి చెప్పేవాడు. అలాంటివాడి బృందం దుఃఖంలో సినిమా తీస్తే అందులో మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? స్టోకర్ నవల కూడా డైరీలు, ఉత్తరాలే కాబట్టి కార్డుల మీద అక్షరాలు దానికి అతికినట్టు సరిపోయాయి.

నటన గొప్పదని చెప్పను. వాళ్ళు వాద్యగాళ్ళు, కదలికలు బిగుసుకుపోయి ఉంటాయి. దాన్ని విమర్శించండి, పేచీ లేదు. మగవాడైన మానా గౌను వేసుకున్నాడని ఫొటో చూసి నవ్వేవాళ్ళంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. స్థానం నరసింహారావు గారి సత్యభామను నెత్తిన పెట్టుకున్న తెలుగువాళ్ళం మనం. మనకు ఆ నవ్వు తగదు.

బృందం 2001 డిసెంబరులో ఆగిపోయింది. 2018 సెప్టెంబరులో పాతికేళ్ళ పండుగకు పాత సభ్యులు మానా, కోజి, యూకి టోక్యోలోని తొయోసులో మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. అప్పటికి నేను హైదరాబాదు వచ్చేశాను, ఆవిడ మాత్రం వెళ్ళింది. మరునాడు ఫోను చేసింది. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావడం లేదు. నేనే ఒక్కొక్కటీ అడుగుతూ పోయాను. మానా తెల్లగౌను వేసుకున్నాడా? నువ్వు ముందు వరుసలో ఉన్నావా? కామి పేరు పిలిచారా? అవునన్నప్పుడల్లా ఆవిడ ఫోను మీద గోటితో ఒకసారి తట్టింది.