ఈ సముద్రంలోంచి సూర్యుడు రాడు మేడమ్

“మేడమ్ గారూ, మాది గాజువాక. నాకు 24 ఏళ్ళు. మాస్టర్స్ కోసం కిందటి సెప్టెంబరులో జర్మనీలోని రోస్టాక్ వచ్చాను. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నాం. మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. నవంబరులో మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, చనిపోయింది. నన్ను పెంచింది ఆవిడే. టికెట్ ఖర్చు, క్లాసులు పోతాయని నాన్నే రావద్దన్నారు. బాబాయి కొడుకు దహనం వీడియో కాల్‌లో చూపిస్తుంటే మధ్యలో నెట్ ఆగిపోయింది. మామ్మ ఆఖరుగా పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి నా దగ్గరుంది. 11 సెకన్లు. ‘ఒరే నాయినా, అన్నం తిన్నావేటి, నేదా? అక్కడ సలంట గదా, సెవులు కప్పుకో’ అంటుంది. రాత్రుళ్ళు అదే పదిసార్లు, ఇరవైసార్లు వింటాను. నిద్ర పట్టదు. ఫిబ్రవరిలో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. ఇక్కడా సముద్రం ఉంది కదా, వైజాగ్‌లా ఉంటుందనుకుని వచ్చాను. కానీ ఈ సముద్రంలోంచి సూర్యుడు రాడు మేడమ్. మొదట బాగున్నవాణ్ణి, ఇప్పుడెందుకిలా అయిపోయాను? తిరిగి వచ్చేయాలా? నాకు పిచ్చి పడుతోందా?”

బాబూ,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం చదివాను. ఈ ఉదయం మళ్ళీ చదివాను. నువ్వు ఆఖర్న అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. నీకు పిచ్చి పట్టడం లేదు. నిన్ను పెంచిన మనిషి పోయింది. కడసారి చూపు దక్కలేదు. పక్కన కూర్చుని ఏడవడానికి అయినవాళ్ళెవరూ లేరు. ఆ దుఃఖానికి వేరే దారి లేక ఆ పదకొండు సెకన్ల చుట్టూ తిరుగుతోంది, అంతే.

మొదట్లో బాగున్నవాణ్ణి ఇప్పుడెందుకిలా అన్నావు. పరాయి దేశం వెళ్ళినవాళ్ళలో ఇది చాలా మామూలు. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త 1960లో కల్చర్ షాక్ గురించి రాస్తూ, తొలి రోజులు కొత్త కాపురంలా మురిపెంగా ఉంటాయనీ, అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుందనీ చెప్పాడు. ట్రామ్, మంచు, కొత్త బూట్లు, అన్నిటికీ ఫొటోలు తీసి పంపడం అయిపోయాక, రోజూ బతకాల్సిన ఊరుగా అది కళ్ళముందు నిలబడుతుంది. నీకు సరిగ్గా ఆ సమయానికే మామ్మ పోయింది. దానికి తోడు చీకటి. డిసెంబరులో మన విశాఖలో ఐదుంబావు దాటితే గానీ పొద్దు వాలదు. మీ దగ్గర నాలుగు కాకుండానే చీకటి పడుతుంది, పొద్దున ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు. వెలుతురు తగ్గితే నిద్ర, ఆకలి, మనసు మూడూ గాడి తప్పుతాయి. డాక్టర్లు 1980ల నుంచి దీన్ని ఒక సమస్యగా గుర్తించి వైద్యం చేస్తున్నారు. అందులో ఉదయం పూట వెలుతురే మందు. ఇప్పుడు మార్చి వచ్చింది కాబట్టి నీకు ఆ మందు ఊరికే దొరుకుతుంది. లేచిన గంటలోపు ఓ అరగంట బయట నడువు. మబ్బు పట్టినా సరే, గదిలో లైటు కంటే ఆకాశం వెలుతురే ఎక్కువ.

నీకు ఇంకొక సంగతి చెప్పాలి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇల్లు గుర్తొచ్చి చిక్కిపోయేవాళ్ళ మీద ఒక సిద్ధాంత గ్రంథం రాశాడు. ‘నోస్టాల్జియా’ అనే మాట పుట్టింది అందులోనే. అతను చెప్పిన వాళ్ళలో ఒకడు బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. రెండు ఊళ్ళకూ మధ్య దూరం ఎంతనుకున్నావు? విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్ళినంత. ఆ కాస్త దూరానికే ఆ పిల్లాడు మంచం పట్టాడు. ఇంటికి పంపించేద్దామని బయల్దేరదీస్తే దారిలోనే తేరుకున్నాడట. అప్పట్లో దాన్ని రోగమన్నారు. ఇవాళ అలా అనడం లేదు. జ్ఞాపకాలు మనిషిని ఒంటరితనం నుంచి కాపాడతాయని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. నేను కూడా దాన్నే నమ్ముతాను, నా అనుభవంతో.

నేను 1997లో ఇంగ్లండ్‌లో ఒక ఏడాది చదువుకున్నాను. ఫోన్ కాల్ అంటే వారానికి ఒకసారి, అదీ మూడు నిమిషాలు. అమ్మ రాసే ఉత్తరం పది రోజులకు అందేది. ఒకసారి కవరులో మరువం రెమ్మ ఒకటి పెట్టి పంపింది. పూర్ణా మార్కెట్‌లో పూలు కొన్నప్పుడల్లా అమ్మ కొనేది అదే. ఎండిపోయి నలిగిపోయినా వాసన మాత్రం ఉంది. ఆ కవరు దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. నెల తిరిగేసరికి వాసన పోయింది. ఇక్కడ అమ్మ క్షేమంగానే ఉంది, అయినా ఆ రాత్రి అమ్మే దూరమైపోయినట్టు ఏడ్చాను. పక్క గదిలో ఉండే సైప్రస్ అమ్మాయి తలుపు తట్టింది. కవరు చూపించాను. ఆ రెమ్మను వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది మా కొండల మీద పెరుగుతుంది” అంది. నిజమే, మరువం పుట్టినిల్లు ఆ ప్రాంతమే. మర్నాడు తను సంతలో ఒక చిన్న మరువం కుండీ కొని నా కిటికీలో పెట్టింది. కవరు అలాగే ఉంది, కానీ దిండు కింద నుంచి పెట్టెలోకి వెళ్ళింది. రోజూ నీళ్ళు పోయడానికి నాకో మొక్క దొరికింది.

నీ వాయిస్ మెసేజ్ విషయంలోనూ నేను కోరేది ఇదే. దాన్ని చెరిపేయమని ఎవరు చెప్పినా వినకు. ముందు దాన్ని ఫోన్‌లోంచి ఇంకో రెండు చోట్ల దాచు, ఒక కాపీ మీ నాన్నకు పంపు. ఎక్కడ పోతుందో అన్న భయం వల్లే మనిషి అలాంటివి మళ్ళీమళ్ళీ తడుముకుంటాడు. ఆ భయం తీరితే ఇరవైసార్లు ఐదుసార్లవుతాయి. ఆ తర్వాత దాని వేళ మార్చు. అర్ధరాత్రి దుప్పటి కింద వినకు. సాయంత్రం వంట చేసుకునేటప్పుడు, అన్నం ఉడుకుతుండగా ఒక్కసారి విను. మామ్మ ‘తిన్నావేటి, నేదా’ అని అడుగుతోంది కదా. పళ్ళెంలో వడ్డించుకుని, పైకి అను: “తింటన్నాను మామ్మా” అని. సిగ్గుపడకు, వినేవాళ్ళు లేరు.

బ్రెడ్డు, నూడుల్స్‌తో నెట్టుకొస్తున్నావేమోనని నా అనుమానం. మామ్మ చేతి వంటల్లో ఒక్కటి నేర్చుకో. ఉత్తరాంధ్ర ఇల్లు కాబట్టి ఆవ పెట్టిన కూర తినే ఉంటావు. అక్కడ పనసపొట్టు దొరకదు, క్యాబేజీ ప్రతి కొట్లోనూ ఉంటుంది, ఆవాలూ ఉంటాయి. ఆవాలు నానబెట్టి, ఎండుమిరపకాయతో కలిపి మెత్తగా నూరి, పొయ్యి ఆర్పేశాక కలపాలి. ఆవ ఉడికితే చేదెక్కుతుంది. మొదటిసారి చెడుతుంది, రెండోసారికి కుదురుతుంది. హాస్టల్లో వంటగది అందరిదీ కదా. ఆ ఘాటుకు ఎవరో ఒకరు తొంగిచూస్తారు. అప్పుడు ఇది మా మామ్మ చేసే కూర అని చెప్పు. ఆ ఊళ్ళో మామ్మ సంగతి తెలిసిన మనిషి ఒక్కరన్నా ఉండాలి నీకు.

ఇక సముద్రం. నువ్వన్నది నిజమే. మన తీరం తూర్పుకు చూస్తుంది, మీ వార్నెమ్యూండె తీరం ఉత్తరానికి. మన కెరటం పాదాల కింద ఇసుక లాగేస్తుంది, ఆ బాల్టిక్‌లో ఆటుపోట్లు ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి, ఉప్పూ తక్కువే. అది ఆర్.కె. బీచ్ అవదు, అవ్వాలని చూడకు. కానీ ఒక ఆదివారం ఉదయం రైలెక్కి అక్కడికి వెళ్ళు. సముద్రానికి వెళ్ళినప్పుడల్లా మన మామ్మలు ఏం చేస్తారో చూశావు కదా, వంగి దోసిట్లో నీళ్ళు తీసి నెత్తిన చల్లుకుంటారు. అదే చెయ్యి. దహనం నీకు సగమే కనిపించింది, పెద్ద కర్మ రోజున నువ్వు అందరిలోనూ లేవు. ఆ మిగిలిపోయిన సగాన్ని నువ్వు ఎక్కడో ఒకచోట పూర్తి చేసుకోవాలి. ఆమెతో చెప్పాలనుకున్నది అక్కడ చెప్పు, రాలేకపోయానని చెప్పు, ఏడుపొస్తే ఏడువు. ఎండాకాలంలో ఆ ఇసుక మీద పైకప్పున్న బుట్ట కుర్చీలు వేస్తారు. వాటిని 1882లో మీ రోస్టాక్‌లోనే బుట్టలల్లే ఒకతను మొదటిసారి చేశాడు, కీళ్ళవాతం ఉన్న ఒకావిడ గాలి తగలకుండా సముద్రం పక్కన కూర్చోవాలని అడిగిందని. మోకాళ్ళ నొప్పులున్న మన పెద్దవాళ్ళు గుర్తొస్తారు వాటిని చూస్తే. జూన్ వచ్చేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది. అప్పుడు వెళ్ళి ఓ సాయంత్రం అందులో కూర్చో.

ఇప్పుడు అసలు బరువు. నీ ఉత్తరంలో నాన్న గురించి మూడు మాటలున్నాయి: రిటైరయ్యారు, ఇల్లు తాకట్టు పెట్టారు, రావద్దన్నారు. నాలుగోది నువ్వు రాయలేదు. నవంబరులో ఆయనకు అమ్మ పోయింది. తలకొరివి పెట్టి, స్నానం చేసి వచ్చి, నీకు ఫోన్ చేసి “నువ్వు చదువుకో నాన్నా” అని ఉంటారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ఎలా ఉన్నారో నువ్వు అడగలేదు, ఆయన చెప్పలేదు. నువ్వు పరీక్షలు దాచావు, ఆయన దుఃఖం దాచారు. మీ ఇద్దరి ఫోన్లూ “బాగున్నావా, బాగున్నా”తో అయిపోతున్నాయి. విశాఖలో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో ఇలాంటివాళ్ళు ఎందరో. ఒక తల్లి హాల్లో రెండో గడియారం పెట్టించి దానికి కొడుకున్న ఊరి టైమ్ పెట్టుకుంది. వాడు పడుకున్నాడో లేచాడో తెలుసు ఆమెకు, ఏ బాధలో ఉన్నాడో మాత్రం తెలియదు. ఇది చదివే అమ్మానాన్నలకు నా మనవి: తిన్నావా అని అడిగాక ఆగిపోకండి, ఇవాళ నీకు కష్టమనిపించిందేమిటని కూడా అడగండి. మీ కష్టం ఒకటి మీరూ చెప్పండి.

నాన్నకు చెప్పే ముందు రెండు పనులు చేసుకో. యూనివర్సిటీ పరీక్షల ఆఫీసుకు వెళ్ళి, ఆ రెండు సబ్జెక్టులు మళ్ళీ ఎప్పుడు రాయొచ్చు, ఇంకా ఎన్ని అవకాశాలున్నాయి కనుక్కో. జర్మనీలో చాలాచోట్ల ఒక పరీక్షకు అవకాశాలు లెక్కే, అందుకే దుఃఖంలో ఉండి గుడ్డిగా మళ్ళీ రాసేయకు. ఆరోగ్యం బాగాలేకపోతే డాక్టర్ సర్టిఫికెట్‌తో ఒక సెమిస్టర్ సెలవు తీసుకునే వీలుంటుంది. దానివల్ల వీసాకు ఇబ్బంది ఉంటుందేమో ముందే అడుగు. అలాగే విద్యార్థుల కోసం పనిచేసే ‘ష్టుడీరెండెన్‌వెర్క్’ అనే సంస్థలో కౌన్సెలర్ ఉన్నారేమో కనుక్కుని అపాయింట్‌మెంట్ తీసుకో.

తర్వాత నాన్నకు వీడియో లేకుండా, మామూలు కాల్ చెయ్యి. మొహం కనిపిస్తే ఇద్దరూ నవ్వు నటిస్తారు. పరీక్షలతో మొదలుపెట్టకు. “నాన్నా, మామ్మ పోయాక నువ్వెలా ఉన్నావో నేను అడగనేలేదు” అని మొదలుపెట్టు. ఆయన మాట్లాడతారు, లేదా ఏమీ అనలేరు. ఆ నిశ్శబ్దాన్ని కంగారుపడి నింపకు. తర్వాత నీది చెప్పు: “నాకూ నిద్ర పట్టడం లేదు, రెండు సబ్జెక్టులు పోయాయి, మళ్ళీ రాసే తేదీ కనుక్కున్నాను.” ఆయన కోప్పడొచ్చు. లోన్ గురించి టెన్షన్ పడొచ్చు. అది ఒకటి రెండు రోజులుంటుంది. నువ్వు ఈ చివర నుంచి ఒంటరిగా మోస్తున్న దానికంటే అది తేలికే.

తిరిగి రావాలా అన్నావు. రావడం తప్పు కాదు, ఓటమీ కాదు. గాజువాకలో మీ గుమ్మం ఎటూ పోదు. కానీ ఆ నిర్ణయం నిద్ర లేని రాత్రి రెండింటికి తీసుకోవద్దు. నాన్నతో మాట్లాడి, కౌన్సెలర్‌ను నాలుగైదుసార్లు కలిసి, పొద్దున నడక మొదలై ఒక నెల గడిచాక కూడా రావాలనే అనిపిస్తే, అప్పుడు ఇద్దరూ కూర్చుని లోన్ లెక్కలతో సహా ఆలోచించండి. అప్పుడు నేనే రమ్మంటాను.

ఒక్క విషయంలో మాత్రం నెల ఆగొద్దు. బతకాలని లేదనిపించినా, రెండు వారాలుగా తిండీ నిద్రా లేక మంచం దిగలేకపోతున్నా, అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్ళు. ప్రమాదం అనిపిస్తే అక్కడ 112. మాట్లాడే మనిషి కావాలంటే 0800 111 0 111, పగలూ రాత్రీ ఉచితం, సాధారణంగా జర్మన్‌లోనే మాట్లాడతారు. ఇక్కడ మీ అమ్మానాన్నలకు అవసరమైతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమను, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ నెల ఆఖరి ఆదివారం మీ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మనకూ నీకూ మధ్య నాలుగున్నర గంటలున్న తేడా మూడున్నరకు వస్తుంది. ఆ లోపే నాన్నకు ఫోన్ చెయ్యి. ఆదివారం నీకు ఉదయం పదకొండంటే ఇక్కడ మూడున్నర. భోజనం చేసి, ఓ కునుకు తీసి లేచే వేళ. మాట్లాడాక నాకు రెండు ముక్కలు రాయి. ఎదురుచూస్తూ ఉంటాను.