ఒకే జాతి ఈస్ట్‌లో కొన్ని రకాలు మాత్రమే రేడియేషన్‌కు అంత తేలిగ్గా ఎందుకు చనిపోతాయి?

దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే ప్రోటీన్లలో ఏదో ఒకటి జన్యు ఉత్పరివర్తన వల్ల పనిచేయకపోవడమే ప్రధాన కారణం. రేడియేషన్ వల్ల జరిగే నష్టం మామూలు ఈస్ట్‌లోనూ దాదాపు అంతే. తేడా అంతా ఆ తర్వాతి మరమ్మతులో ఉంటుంది.

మరమ్మతు మార్గాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు థైమీన్లను (డీఎన్ఏలోని నాలుగు రకాల ‘అక్షరాల్లో’ ఒకటి) అతికించేస్తాయి. ర్యాడ్1 వంటి జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు ఆ చెడిన ముక్కను కత్తిరించి తీసేస్తాయి, ఖాళీని డీఎన్ఏ రెండు పోగుల్లో ఎదుటిదాన్ని చూసి కణం పూరిస్తుంది. ఎక్స్ కిరణాలు అంతకన్నా మొండివి: రెండు పోగులనూ ఒకేచోట తెంపగలవు. అప్పుడు చూసి రాసుకోవడానికి అదే డీఎన్ఏకు మరో ప్రతి కావాలి, ఆ పనికి ర్యాడ్52 అనే జన్యువు తప్పనిసరి. అది లేని ఈస్ట్ కణాన్ని చంపడానికి అలాంటి ఒక్క తెగుడే చాలవచ్చు.

అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేని ఈస్ట్ ఏ రేడియేషన్‌కూ తట్టుకోలేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ర్యాడ్1 చెడినది ఎక్స్ కిరణాలను దాదాపు మామూలుగానే తట్టుకుంటుంది. ర్యాడ్52 చెడినది అతినీలలోహిత కిరణాలకు పెద్దగా లొంగదు. ఈ జన్యువులకు అంకెలు వేసిన తీరులోనే ఈ తేడా కనిపిస్తుంది: ప్రధానంగా ఎక్స్ కిరణాలకు సంబంధించినవాటికి 50 నుంచి మొదలుపెట్టారు.