పాట కట్టించేముందు వాళ్ల బాధ అడగకండి

మీరు అడిగింది: "భర్త ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాల ఆడవాళ్లతో కలిసి పాట కట్టించే వర్క్‌షాపు పెట్టాలనుకుంటున్నాం. మాకెవరికీ సంగీతం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

జనగామ జిల్లాలో ఒక ఊళ్లో ఇలాంటిదే చేశాను. తొమ్మిదిమంది ఆడవాళ్లు, వారానికి ఒక మధ్యాహ్నం చొప్పున ఐదు వారాలు, మహిళా సంఘం భవనంలో. నాకూ శాస్త్రీయ సంగీతం రాదు, ఆ లోటు ఎక్కడా అడ్డురాలేదు. అడ్డొచ్చింది నా తొందర.

మొదటిరోజు అందరూ కూర్చోగానే "మీ కష్టం చెప్పండి, దాన్నే పాట చేద్దాం" అన్నాను. ఒకామె చెప్పడం మొదలుపెట్టి మధ్యలోనే ఏడ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. తర్వాతి వారం రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి మాట్లాడితే ఆ పై వారం వచ్చింది. ఆరోజు వాళ్లలో పెద్దామె నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "బిడ్డా, మా ఏడుపు మాకెరుకే. వచ్చినోళ్లందరు అదే అడుగుతరు. నువ్వు ఇంకేమన్న అడుగు."

అప్పటినుంచి బాధ గురించి అడగడం మానేశాను. పొద్దున లేవగానే మొదట ఏ చప్పుడు వినిపిస్తుంది, ఇంట్లో చేతికి ఎక్కువగా తగిలే వస్తువు ఏది... ఇలాంటివే అడిగాను. చెప్పాల్సింది ఉంటే అది వస్తువు వెంటే వస్తుంది. రాకపోతే రాలేదు, మనం లాగకూడదు.

ఇక బాణీ. కొత్తది కట్టే పని పెట్టుకోకండి. వరి నాట్లలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం, బతుకమ్మ చుట్టూ పాదానికోసారి "ఉయ్యాలో" అనడం వాళ్లకు చిన్నప్పటినుంచీ నోటికి వచ్చినవే. ఆ "ఉయ్యాలో" చాలా సాయం చేస్తుంది. పాదం చివర అదే నింపేస్తుంది కాబట్టి మనిషి రెండు మూడు మాటలు కలిపితే చాలు. మిగతావాళ్లు వంత పాడేలోపు తర్వాతి పాదం ఆలోచించుకునే టైమూ దొరుకుతుంది. మాట కలపలేనివాళ్లు చప్పట్లు కొడుతూ వంత పాడతారు, వాళ్లూ పాటలో ఉన్నట్టే.

కానీ మా దగ్గర ఒక చిక్కు వచ్చింది. భర్త పోయాక వీళ్లలో చాలామంది బతుకమ్మ ఆటకు దూరంగా నిలబడుతున్నారు, పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకునే చోట ఎవరేమంటారోనని. అందుకే "ఉయ్యాలో" ఎత్తుకోగానే ఒకామె ఆగి, "మేం పాడొచ్చునా?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. ఆ పెద్దామే "పాటకు బొట్టెందుకే, పాడు" అని తనే ఎత్తుకుంది.

మూడోవారం చప్పుళ్ల గురించి మాట్లాడుకుంటుంటే ఒకామె బావి మోటారు చప్పుడు గురించి చెప్పింది. తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు 2018 జనవరి నుంచి వచ్చింది. అంతకుముందు వంతులవారీగా, చాలాసార్లు నడిరాత్రి ఇచ్చేవారు. ఆమె భర్త టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి పోయేవాడు. మోటారు చప్పుడు వినిపిస్తే క్షేమంగా చేరాడని ఆమె మళ్లీ పడుకునేది. "ఇప్పుడు కరెంటు ఎప్పుడూ ఉంటది. అయినా ఆ యాల్లకే మెలకువ వస్తది" అంది. ఎవరూ ఏడవలేదు. కాసేపటికి నలుగురు కలిసి ఇది కట్టారు:

నడిజాము కరెంటు ఉయ్యాలో
నిదురంత జెడగొట్టె ఉయ్యాలో
టార్చిలైటు ఉన్నది ఉయ్యాలో
పట్టెటోడు లేడు ఉయ్యాలో

నాకు అక్కడితో పాట పూర్తయిందనిపించింది. నాలుగోవారం అదే పాడుతుంటే, అప్పటిదాకా చప్పట్లు తప్ప నోరు విప్పని ఒకామె చివరి పాదం దగ్గర వంత కలపకుండా "పట్టింది నేనాయె ఉయ్యాలో" అంది. రెండేళ్లుగా తన మడి తనే పారించుకుంటోందట, పాములున్నా సరే రాత్రిళ్లు తనే పోతోందట. నాకు పాత పాదమే ఎక్కువ నచ్చింది, వినేవాళ్ల గుండె పట్టేసేది అదే కదా అనిపించింది. నోటిదాకా వచ్చిన ఆ మాట ఆపుకున్నాను. అరగంటసేపు వాళ్లే వాదించుకుని, మొదటిసారి "లేడు" అని, తిరిగి పాడేటప్పుడు "నేనాయె" అని పాడాలని తేల్చుకున్నారు. మీకు పాట బాగా రాయడం వస్తే ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రాస సరిచేద్దాం, మాట మారుద్దాం అని చెయ్యి ఊరుకోదు.

వెళ్లేముందు ఊరి సంగతులు కొన్ని తెలుసుకోండి. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా 5 లక్షలు పట్టా ఉన్న రైతు చనిపోతేనే వస్తాయి. కౌలుకు చేసిన మనిషి పోతే ఆ ఇంటికి ఆ డబ్బు రాదు. మా గుంపులో ఆ డబ్బు వచ్చినామె, రానామె పక్కపక్కనే కూర్చున్నారని నాకు రెండోవారం దాకా తెలియదు. "బుక్కుల పేరేమొ పటేలుదాయె" (పట్టా పాసుబుక్కులో పేరు భూమి యజమానిది) అన్న పాదం వచ్చినప్పుడు గదిలో మాట పడిపోయింది. ముందే తెలిసుంటే ఇద్దరితో విడిగా మాట్లాడి ఉండేదాన్ని.

పత్తి ఏరే రోజుల్లో అసలు పెట్టకండి. కిలోల లెక్కన కూలి వస్తుంది కాబట్టి ఒక పూట పోతే నష్టమే. తప్పదంటే ఆ పూట కూలి మీ బడ్జెట్‌లో రాసుకోండి, అది దానం కాదు. పిల్లలను ఆడించడానికి ఒక మనిషిని పెట్టుకోండి. చార్టు మీద రాయకండి, చదువు రానివాళ్లు ఆ క్షణమే వెనక్కి తగ్గుతారు. పాడుతూ పాడుతూ గుర్తున్నదే పాట, మరిచిపోయింది పోనివ్వండి. ఎవరికైనా ఆ రాత్రి గడవడం కష్టమనిపిస్తే పాట సరిపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 అందరి ఫోన్లలో ముందే ఎక్కించండి, మర్నాడు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

రికార్డింగ్ విషయంలో పెద్ద తప్పు చేశాను. అందరినీ అడిగే ఫోన్‌లో రికార్డు చేశాను, కానీ దాన్ని ఒక స్నేహితురాలికి పంపేముందు మళ్లీ అడగలేదు. అక్కడినుంచి అది ఒక వాట్సాప్ గ్రూపులోకి, అక్కడినుంచి ఒకామె అత్తగారింటికి చేరింది. అప్పు గురించి ఆమె కలిపిన పాదం విని బావగారు ఇంటికొచ్చి గొడవపడ్డాడు. ఆమె ముందు కూర్చుని క్షమాపణ అడిగాను. "నిన్ను నమ్మి పాడిన" అని ఒక్క మాటే అంది. రికార్డు చేయడానికి ఒప్పుకోవడం వేరు, బయటికి పంపడానికి ఒప్పుకోవడం వేరు. రెండుసార్లూ అడగండి, రెండోసారి పాట పూర్తయ్యాక, వినిపించి అడగండి. మీ సంస్థ యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఇంకో సంగతి: 1957 కాపీరైట్ చట్టంలో ఇలా విడదీయలేకుండా కలిసి చేసినదాన్ని ఉమ్మడి రచనగానే చూస్తారు. హక్కు సంస్థది కాదు, పాట కట్టినవాళ్లందరిది.

చివరివారం ఊళ్లో పాడదామా అంటే వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. అప్పు చరణం భవనం దాటకూడదన్నారు, టార్చిలైటు చరణం పాడదామన్నారు. మొదటివారం లేచి వెళ్లిపోయిన ఆమే ఎత్తుకుంది.

మీ గుంపులో ఎంతమంది, ఏ జిల్లా, ఏ నెలలో పెట్టాలనుకుంటున్నారో రాయండి. అక్కడ ఏ బాణీలు పాడతారో తెలిస్తే మొదటిరోజు ఏం అడగాలో కలిసి ఆలోచిద్దాం.