చేప మీ కాళ్ళ దగ్గరే ఉంది

గట్టు మీద గాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డాలస్ చుట్టుపక్కల చెరువుల్లో గట్టు మీద నుంచి బాస్ చేపలు పట్టడం గురించి పోయిన నెల రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఇక్కడ పట్టవు. ఎక్కువమంది అడిగినవి ఆరు తీసుకున్నాను. నేను కొల్లేటి పక్కన పుట్టి పెరిగినదాన్ని. టెక్సాస్ వచ్చి పందొమ్మిదేళ్ళయింది. పడవ ఎప్పుడూ లేదు, గట్టు మీద నిలబడే పడతాను. కాబట్టి గట్టు సంగతే చెబుతాను.

అక్కా, మాది ఇర్వింగ్. ఆన్‌లైన్‌లో 120 లూర్లు (ఉత్తుత్తి ఎరలు) ఉన్న పెట్టె కొన్నాను. వరసగా మూడు శనివారాలు గ్రేప్‌వైన్ లేక్‌కి వెళ్ళాను. ఎంత దూరం విసిరినా ఒక్కటీ పడలేదు. నా తప్పేంటి?

తమ్ముడూ, నీ ఉత్తరంలో "ఎంత దూరం విసిరినా" అన్నావు చూడు, సంగతంతా అక్కడే ఉంది.

బాస్ వేటాడే పద్ధతి మన కొర్రమీనుది లాంటిదే. నీళ్ళంతా తిరుగుతూ వెతుక్కోదు. ఒక మొద్దు చాటునో, రాయి నీడనో, నాచు అంచునో పొంచి ఉండి, దగ్గరికొచ్చిన దాని మీద పడుతుంది. ఆ మొద్దులూ రాళ్ళూ నాచూ ఎక్కువగా ఎక్కడుంటాయి? గట్టు వెంబడే. చిన్న చేపలు, కప్పలు, రొయ్యల్లాంటి క్రాఫిష్‌లు కూడా అక్కడే తిరుగుతాయి. నువ్వేమో వాటన్నిటి నెత్తి మీదుగా నడి చెరువులోకి విసురుతున్నావు. పైగా నీటి అంచు దాకా నడుచుకుంటూ వెళ్ళి నిలబడి ఉంటావు. నీ అడుగుల చప్పుడుకీ నీడకీ అక్కడున్న చేప నువ్వు లైన్ విప్పకముందే వెళ్ళిపోయి ఉంటుంది.

ఈసారి ఇలా చెయ్యి. నీటికి పది అడుగులు ఇవతలే ఆగు. మొదట గట్టు వెంబడి, నీటి అంచుకి సమాంతరంగా, ఎడమకొకటి, కుడికొకటి విసురు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా లోపలి వైపుకి తిప్పుతూ విసనకర్ర విప్పినట్టు నాలుగైదు వెయ్యి. నడి నీళ్ళ వైపు వేసేది అన్నిటికన్నా చివర. అయిపోయాక ఇరవై అడుగులు జరుగు. నాకు పడిన వాటిలో సగానికి పైగా గట్టుకి పది పన్నెండు అడుగుల లోపలే పడ్డాయి.

ఇక గ్రేప్‌వైన్ లాంటి వేల ఎకరాల జలాశయం కొత్తవాళ్ళకి కష్టం. చేప ఎక్కడుందో వెతకడంతోనే రోజు గడిచిపోతుంది. మీ ఊళ్ళోనే ఏదో ఒక సిటీ పార్కులో చిన్న చెరువు ఉంటుంది. రెండు గంటల్లో చుట్టూ తిరిగి రావచ్చు. ఆరు నెలలు అక్కడే నేర్చుకో. అపార్ట్‌మెంట్ల మధ్య, కాలనీల మధ్య ఉండే చెరువుల్లో కూడా బాస్ ఉంటుంది కానీ, అక్కడ పట్టనిస్తారో లేదో ముందే కనుక్కో.

ఆ పెట్టె మూసి అటక మీద పెట్టెయ్. ఐదంగుళాల మెత్తని ప్లాస్టిక్ పురుగు ప్యాకెట్ ఒక్కటి కొను. స్టిక్ వర్మ్ అంటారు. గ్యారీ యమమోటో కంపెనీ సెంకో పేరుతో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. నీళ్ళు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ రంగు, బురదగా ఉంటే నలుపూ నీలం కలిసినది. ముల్లుని పురుగు నడుముకి అడ్డంగా గుచ్చు. దీన్నే వాకీ రిగ్ అంటారు. వేరే బరువేమీ వద్దు. ప్లాస్టిక్‌లో ఉప్పు కలిపి ఉంటుంది కాబట్టి దానంతటదే మెల్లగా దిగుతుంది, దిగుతున్నంతసేపూ రెండు కొసలూ వణుకుతూ ఉంటాయి. బాస్ చాలాసార్లు ఆ దిగేటప్పుడే అందుకుంటుంది. అందుకని విసిరాక ఏమీ చెయ్యకు. మనసులో పదిహేను లెక్కపెట్టు. రాడ్ కొసని ఒక అడుగు పైకి ఎత్తి మళ్ళీ వదులు. ఇంకో పదిహేను. కొత్తవాళ్ళలో నేను చూసిన పెద్ద లోపం ఈ పదిహేను లెక్కపెట్టలేకపోవడమే. చెయ్యి ఊరుకోదు, గబగబా చుట్టేస్తారు.

తుంగ, నాచు ఎక్కువగా ఉన్నచోట వాకీ రిగ్ చిక్కుకుంటుంది. అక్కడ టెక్సాస్ రిగ్ కట్టు. లైన్‌కి ముందు తుపాకీ గుండు ఆకారంలో ఉండే చిన్న బరువు, ఔన్సులో ఎనిమిదో వంతు చాలు. దాని కింద 3/0 సైజు వంపు ముల్లు. ముల్లు మొనని పురుగు తలలోంచి గుచ్చి బయటికి తీసి, తిప్పి, మళ్ళీ పురుగు ఒంట్లోకే దాచెయ్యాలి. మొన బయటికి లేదు కాబట్టి గడ్డిని పట్టుకోదు, చేప కొరికినప్పుడు మాత్రం మెత్తటి ప్లాస్టిక్‌ని చీల్చుకుని బయటికొస్తుంది. ఈ ప్లాస్టిక్ పురుగుని 1949లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన తయారు చేశాడు. తర్వాత ఆ వ్యాపారం మన తూర్పు టెక్సాస్‌లోని టైలర్‌కి వచ్చింది. అన్నేళ్ళయినా గట్టు మీద నిలబడేవాళ్ళకి ఇంతకు మించిన లూర్ నాకు కనబడలేదు.

అక్కా, చేప తగిలిందో నాచు తగిలిందో తెలియడం లేదు. తెలిసేసరికి వదిలేసి పోతోంది. ఎప్పుడు లాగాలి? (ప్లేనో)

మా నాన్న గాలానికి జీలుగు బెండు కట్టేవారు. బెండు మునిగిందా, లాగడమే. పదేళ్ళ పిల్లకి కూడా అర్థమయ్యే సంగతి. ఇక్కడ మనం వేసే ప్లాస్టిక్ పురుగుకి బెండు ఉండదు కాబట్టి లైన్‌నే బెండు అనుకోవాలి. లైన్ నీళ్ళలోకి దిగేచోట చూపు నిలపండి. సన్నగా ఒక్కసారి ఎగిరిందా, చేప. పక్కకి జరుగుతోందా, చేప. మామూలుగా పది లెక్కపెడితే అడుగుకి చేరే పురుగు నాలుగుకే ఆగిపోయిందా, అదీ చేపే. బిగువుగా ఉన్న లైన్ ఉన్నట్టుండి వదులైతే చేప పురుగుని నోట్లో పెట్టుకుని మీ వైపే వస్తోందని. ఈ చివరిది గుర్తుపట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పోలరైజ్డ్ గ్లాసెస్ అనే కళ్ళద్దాలు పెట్టుకుంటే నీటి మీద మెరుపు పోయి లైన్ బాగా కనిపిస్తుంది. ఖరీదైనవి అక్కర్లేదు.

చేప అనిపించగానే గుంజకండి. రాడ్ కొస కిందికి దించి, వదులుగా ఉన్న లైన్ చుట్టేసి, అప్పుడు ఒక్కసారి గట్టిగా లాగండి. లైన్ వదులుగా ఉండగా లాగితే ఆ బలం ముల్లు దాకా చేరదు.

చేతికి తెలియాలంటే ఒక పని చేయండి. నీళ్ళు తేటగా ఉన్నచోట, అడుగు కనిపించేంత లోతులో, పురుగుని రాళ్ళ మీదుగా, నాచులోంచి, బురద మీదుగా లాగుతూ కళ్ళతో చూడండి. రాయి టకటకమంటుంది. నాచు మెత్తగా బరువెక్కుతుంది, ఆ బరువులో కదలిక ఉండదు. ఒక సాయంత్రం ఇలా గడిపితే ఆ తర్వాత చూడకుండానే చెప్పగలుగుతారు.

లైన్ ప్రతిసారీ ఉండ కట్టేస్తోంది. రీల్ మార్చాలా?

మార్చక్కర్లేదు. స్పిన్నింగ్ రీల్‌కి లైన్‌ని అంచు దాకా నింపి ఉంటారు. అంచుకి కొంచెం కిందే ఆపాలి. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (రీల్ మీద లైన్‌ని చుట్టే తీగ కమ్మి) మూయకండి, చేత్తో మూసి, లైన్‌ని ఒక్కసారి బిగువుగా లాగి అప్పుడు చుట్టండి. సగానికి సగం చిక్కులు అక్కడే పోతాయి. మొదటి ఏడాదికి ఆరున్నర, ఏడు అడుగుల మీడియం రాడ్, 2500 సైజు రీల్, పది పౌండ్ల మామూలు నైలాన్ లైన్ చాలు. ముడి పాలోమార్ ఒక్కటి నేర్చుకోండి. బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి బిగిస్తే రాపిడికి లైన్ కాలి, సరిగ్గా పెద్ద చేప పడ్డప్పుడే తెగుతుంది.

మా బాబుకి పదకొండేళ్ళు. వాడికి లైసెన్సు కావాలా? నాకు కావాలా? (ఫ్రిస్కో)

అమ్మాయ్, టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు వాళ్ళకి అక్కర్లేదు. నువ్వు కూడా గాలం వేస్తే నీకు కావాలి. ఆరు నెలలకి పైగా ఇక్కడే ఉంటున్నవాళ్ళకి మంచినీటి చేపల ప్యాకేజీ 30 డాలర్లు. మామూలు లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది కాబట్టి జూలైలో కొనేముందు ఆలోచించుకో. స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పట్టడానికి లైసెన్సే అక్కర్లేదు, లోపలికి వెళ్ళే టికెట్ చాలు. ముందు అక్కడికి తీసుకెళ్ళు. వాడికి నచ్చితే అప్పుడు కొనుక్కోవచ్చు.

పాముల గురించి కూడా అడిగావు. కాటన్‌మౌత్ అనే విషప్పాము ఇక్కడ నీటి ఒడ్డునే ఉంటుంది. పొడవు గడ్డిలోకి, దుంగల మధ్యకి బాబుని వెళ్ళనివ్వకు. బూట్లు వేయించు, చీమల పుట్టలు చూసుకుని నిలబెట్టు. దూరంగా ఉరుము వినిపించినా సరే రాడ్ కింద పెట్టి కారెక్కండి. గ్రాఫైట్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది.

అమ్మా, గుడివాడ నుంచి మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. మొన్న వాడు రెండు కిలోల చేప పట్టి, ఫొటో తీసుకుని నీళ్ళలో వదిలేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. తినేదాన్ని వదిలేయడమేమిటి?

బాబాయ్ గారూ, మీ బాధ నాకు తెలుసు. మా ఇంట్లో గాలానికి పడిన చేప వదిలేయడమనే మాటే లేదు. అది ఆ పూట కూర. తినడం తప్పని ఇక్కడి చట్టమూ అనదు. టెక్సాస్‌లో మామూలుగా 14 అంగుళాలు దాటిన బాస్‌ని రోజుకి ఐదు దాకా ఉంచుకోవచ్చు. కొన్ని చెరువులకి వేరే లెక్కలున్నాయి, చూసుకోవాలి. మీరు గాలం వేసేట్టయితే మీకు బయటివాళ్ళ లైసెన్సు తీసుకోమనండి. పదిహేను అంగుళాల చేప రెండు తెచ్చుకుని పులుసు పెట్టుకోండి, ముళ్ళు తక్కువ, బాగుంటుంది.

పెద్దవాటిని వదలమని మాత్రం నేనూ అంటాను. మీకు కొర్రమీను పిల్లల గుంపు గుర్తుందా? నీటి మీద ఎర్రగా, గుప్పెడు మిరపగింజలు చల్లినట్టు తిరుగుతూ ఉంటాయి. కిందే తల్లీ తండ్రీ కాపలా. అక్కడ గాలం వేస్తే తప్పకుండా పడుతుంది. మా నాన్న అక్కడ నన్ను వేయనిచ్చేవారు కాదు. బాస్ కూడా అంతే. నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడెక్కాక, ఈ ప్రాంతంలో మార్చి, ఏప్రిల్లో, లోతు తక్కువ నీళ్ళలో తోకతో గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. ఇక్కడ కాపలా మగది. దాన్ని తీసుకెళ్ళిన కాసేపటికే బ్లూగిల్ చేపలొచ్చి గుడ్లు తినేస్తాయి. పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ఇక్కడి ప్రభుత్వం 1986 నుంచి 'షేర్‌లంకర్' అనే పథకం నడుపుతోంది. జనవరి నుంచి మార్చి లోపల 13 పౌండ్లు దాటిన బాస్ పడితే దాన్ని ప్రాణంతో వాళ్ళకి అప్పు ఇవ్వవచ్చు. ఆథెన్స్ ఊళ్ళో ఉన్న కేంద్రంలో గుడ్లు పెట్టించి పిల్లల్ని చెరువుల్లో వదులుతారు. ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద బాస్ 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడింది, 18.18 పౌండ్లు.

మీ అబ్బాయికి మాత్రం ఒకటి చెప్పండి. వదిలేయడమంటే బతికేలా వదలాలి. నేను 2011 వసంతంలో ఆరు పౌండ్లు దాటిన బాస్ పట్టాను. సంతోషంలో దాన్ని వేడి సిమెంటు గట్టు మీద పడుకోబెట్టి, కొలిచి, ఒక్క దవడ పట్టుకుని అడ్డంగా ఎత్తి ఫొటోలు తీయించుకున్నాను. నాలుగైదు నిమిషాలు. వదిలితే ఈదుకుంటూనే వెళ్ళింది. మర్నాడు పొద్దున అదే చోట కడుపు పైకి తేలి ఉంది. ఇప్పుడు ముల్లు ఊడదీసే కటింగ్ ప్లయర్ నడుముకే ఉంటుంది, చేతులు ముందే తడుపుకుంటాను, చేప నీళ్ళలో ఉండగానే ఫోన్ సిద్ధం చేయిస్తాను. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి దవడకి, ఇంకోటి పొట్ట కింద. ఎత్తిన క్షణం నుంచి నేనూ ఊపిరి బిగబడతాను. నేను ఊపిరి వదలకముందే చేప నీళ్ళలో ఉండాలి.

మేడమ్, మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా చెరువులో ఈ లూర్లు పనిచేస్తాయా? బాస్ పిల్లల్ని తెచ్చి వదలవచ్చా?

రెండో దానికి ముందు జవాబు. వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. జపాన్‌లో 1925లో ఆషి సరస్సులో బాస్‌ని తెచ్చి వదిలారు. అది దేశమంతా పాకి అక్కడి చిన్న చేపల్ని తినేస్తుంటే ఇప్పుడు చట్టం పెట్టి తీసేయడానికి అవస్థ పడుతున్నారు. 2009లో ఒక బాస్ ప్రపంచ రికార్డుని అందుకున్న వార్త గుర్తుందేమో, ఆ 22 పౌండ్ల పైచిలుకు బాస్ పడింది జపాన్‌లోని బివా సరస్సులోనే. అక్కడ అంత బాగా పెరిగిందంటే ఏవో చేపలు దానికి ఆహారమయ్యాయన్నమాట.

మీకు బాస్‌తో పనేముంది తమ్ముడూ, మీ దగ్గర కొర్రమీను ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప అది. ఇక్కడ బాస్‌కి వేసే బోలు కప్ప లూర్ దానికి చక్కగా సరిపోతుంది. రెండు ముళ్ళూ వీపుకి అంటుకుని పైకి ఉంటాయి కాబట్టి తామరాకుల మీదుగా, గుర్రపుడెక్క మీదుగా లాగినా చిక్కుకోదు. ఆకుల మధ్య ఖాళీ నీళ్ళు కనిపించగానే కప్పని అక్కడ ఆపి రెండు మూడు క్షణాలు వదిలెయ్యాలి. నీళ్ళు భళ్ళుమన్నా వెంటనే లాగకు. రెండు లెక్కపెట్టి, బరువు తగిలాక లాగు. లైన్ మాత్రం పది పౌండ్లది చాలదు, 40, 50 పౌండ్ల అల్లిక లైన్ వాడు. లేకపోతే కొర్రమీను కాడల్లోకి దూరి తెంపేస్తుంది. చెరువు మత్స్యకారుల సంఘానిదైతే వాళ్ళని అడిగే గాలం వెయ్యి. పిల్లల గుంపు తిరుగుతున్నచోట మాత్రం వెయ్యకు.