నరాలతో ఆడే ఆట కోసం ఏ బ్రాంచ్?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నరాల సిగ్నల్స్‌తో నేరుగా వర్చువల్ రియాలిటీలోకి వెళ్లిపోయే టెక్నాలజీ మీద పనిచేస్తానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏఆర్-వీఆర్ (ఆగ్మెంటెడ్, వర్చువల్ రియాలిటీ) పేరుతో బీటెక్ ఉందని, అందులోనే చేరతానని పట్టు పట్టింది. మా వారేమో సీఎస్‌ఈ తప్ప వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నది గాలిలో మేడ కాదండీ. కాకపోతే ఆ మేడకు ఇంకా కింది అంతస్తే లేచింది.

నరాల నుంచి సిగ్నల్ చదవడం ఒక పని, నరాల్లోకి పంపడం వేరే పని. మొదటిది బజారులోకి వచ్చేసింది. 2019లో ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) కంట్రోల్ ల్యాబ్స్ అనే కంపెనీని కొన్నది. ఆ దారిలో తయారైన మణికట్టు పట్టీని 2025లో మెటా తన కళ్లజోడుతో కలిపి అమెరికాలో అమ్మకానికి పెట్టింది. వేలు కదిపితే కండరాల్లో పుట్టే విద్యుత్తును అది చర్మం మీద నుంచే పట్టుకుంటుంది. కోత లేదు, సూది లేదు.

చిక్కంతా రెండోదానితోనే. ఆటలో మామిడిపండు పట్టుకుంటే దాని మెత్తదనం చేతికి తెలియాలి కదా! 2015లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీవాళ్లు, ప్రమాదంలో చేతులూ కాళ్లూ పడిపోయిన నేథన్ కోప్‌లాండ్ మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టారు. రోబో చేతి వేళ్లను ముట్టుకుంటే తన వేళ్లనే ముట్టుకున్నట్టు ఆయనకు తెలిసింది. కానీ అది ఆపరేషన్ వ్యవహారం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లెవరూ ఆట కోసం పుర్రె తెరిపించుకోరు. చెవిటితనానికి పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్‌నే చూడండి. అందులో ఎలక్ట్రోడ్లు 12 నుంచి 22 దాకా ఉంటాయి. వాటితో మాట అర్థమవుతుంది, పాట మాత్రం అంత బాగా వినిపించదు. కంటి నరంలోనైతే సుమారు 10 లక్షల తంతువులున్నాయి. అందుకే ఇప్పట్లో ఉద్యోగాలు ఆటల్లో కన్నా ఇంప్లాంట్లు, కృత్రిమ చేతులు, ఇలాంటి పట్టీల దగ్గరే ఎక్కువ.

ఇక బ్రాంచ్. నా ఓటు ఈసీఈకి, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్‌కి. సిగ్నల్స్ చదువు అందులోనే ఎక్కువ. బయోమెడికల్ కూడా మంచిదే. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉంది. సీఎస్‌ఈలో చేరినా దారి మూసుకుపోదు, సిగ్నల్స్ సబ్జెక్టులు విడిగా చదువుకోవాలంతే. ఏఆర్-వీఆర్ బీటెక్ విషయంలో మాత్రం ఫీజు కట్టే ముందు సిలబస్ తెప్పించుకోండి. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), ప్రాబబిలిటీ లేకపోతే అది గేమ్ తయారీ కోర్సు. తప్పేం లేదు, మీ అమ్మాయి అడిగింది అది కాదు. ఇంకో మాట మీవారికి ముందే చెప్పండి: ఈ రంగంలో బీటెక్‌తో ఆగితే కుదరదు, ఎంటెక్ అయినా కావాలి. ఎంటెక్ కోసం రాసే గేట్‌లో బయోమెడికల్‌కు విడిగా పేపరుంది.

ఎప్‌సెట్ అయ్యాక ఒక పని చేయించండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఈసీజీకి వాడే స్టిక్కర్లు మూడు, కండరాల సిగ్నల్ చదివే చిన్న ఈఎంజీ బోర్డు, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే ఆర్డుయినో బోర్డు తెచ్చుకున్నాడు. రెండు స్టిక్కర్లు ముంజేతికి, ఒకటి మోచేతి ఎముక మీద. పిడికిలి బిగిస్తే స్క్రీన్ మీద గీత ఎగిరింది. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే ఆ గీత లావెక్కి, పిడికిలి ఎక్కడ బిగించాడో కనబడకుండా పోయింది. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్ రొద అది. దాన్ని వదిలించడానికి కుర్రాడు ఆదివారమంతా భోజనం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. మీ అమ్మాయి చేసేటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉండాలి, ఛార్జర్ ఊసే వద్దు, ఒంట్లోకి కరెంటు పంపే ప్రయోగాలు అసలే వద్దు.

ఆ గీతతో కుస్తీ పడుతూ కూర్చుంటే ఈసీఈకే ఆప్షన్లు పెట్టించండి. రెండు వారాల్లో బోర్డు బీరువా ఎక్కితే మీవారి మాట వినండి.